మా అమ్మ వెయ్యని వేషం



పెద్దాపురం మెయిన్ రోడ్డులో మాకు చిన్న బట్టల దుకాణం ఉంది. మా అమ్మాయి మన స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఈ పత్రికలో మిగతా తల్లిదండ్రులు రాసినవి చదవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. పోయిన పేరెంట్స్ మీటింగులో క్లాస్ టీచర్ గారు, "మీ ఇంట్లో జరిగింది మీరే రాయండి సార్, పదిమందికి పనికొస్తుంది" అన్నారు. పనికొస్తుందో లేదో మీరే చెప్పాలి.

మరిడమ్మ తల్లి జాతర సందడి తగ్గాక, ఆగస్టులో, అమ్మాయి ఒక ఫారం తెచ్చింది. స్కూల్లో పది రోజుల నాటక వర్క్‌షాపు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా. సరిగ్గా ఫౌండేషన్ క్లాసు టైము. నేను ఆఫీసుకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగాను. ఫీజు ఎంత? చివర్లో మా అమ్మాయి స్టేజీ మీద ఎంతసేపు కనపడుతుంది? వీడియో తీసి ఇస్తారా? మూడోదానికి "ఇంకా అనుకోలేదండి" అన్నారు. ఫారం మడిచి గల్లాపెట్టె కింద పెట్టేశాను.

రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి అడిగింది.

"మనకెందుకమ్మా నాటకాలు?" అన్నాను.

"మనకెందుకంటే ఏంటి నాన్నా? వద్దంటే వద్దను. కానీ ఎందుకొద్దో చెప్పు."

ఫౌండేషన్ క్లాసు పోతుందని చెప్పాను. "ఆ పది క్లాసులూ ఆదివారం చెప్తామన్నారు" అంది. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మా ఆవిడ నవ్వుతూ ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. సంతకం చేశాను గాని, ఆ "మనకెందుకు" నా నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు నాకు తెలీదు.

మూడో రోజు అమ్మాయిని తీసుకురావడానికి ఓ అరగంట ముందే వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే ఇరవై మంది పిల్లలు గదిలో ఊరికే అటూ ఇటూ నడుస్తున్నారు. ఒకరినొకరు గుద్దుకోకుండా, మాట్లాడకుండా. మాస్టారు చప్పట్లు కొడితే ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా ఆగిపోతున్నారు. తర్వాత ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు చెయ్యెత్తితే రెండోవాళ్ళు అద్దంలో నీడలా ఎత్తడం మొదలెట్టారు. ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు. డైలాగు లేదు.

బయటికొచ్చిన మాస్టారిని అడిగాను. "నాటకం ఎప్పుడు మొదలెడతారండి?"

"మొదలైందండి" అన్నారాయన. "ఎదుటి మనిషిని సరిగ్గా చూడ్డం వస్తే సగం నాటకం వచ్చినట్టే. మాటలు తర్వాత వాళ్ళే రాసుకుంటారు."

నాకు నచ్చలేదు. కానీ ఆయన చెప్పిన కొన్ని సంగతులు ఇంటికెళ్ళాక చదివాను. ఇంగ్లండులో కోవెంట్రీ అనే ఊళ్ళో 1965లో బెల్‌గ్రేడ్ థియేటర్ వాళ్ళు నటుల్ని బడులకి పంపి, పిల్లల్ని చూసేవాళ్ళుగా కాకుండా కథలో భాగస్తుల్ని చేసి పాఠాలు నడిపించారట. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1989లో ఇదే పనికోసం ప్రత్యేకంగా ఒక బృందాన్ని పెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా కళల్ని చదువుతో కలపమనే చెబుతోంది.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. మన రాజమండ్రిలోనే 1880లో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తన విద్యార్థుల చేత "వ్యవహార ధర్మబోధిని" ఆడించారు. కోర్టుల్లో వకీళ్ళు చేసే మోసాల మీద వేసిన చురక అది. ఇవాళ పంతులు గారి పుట్టినరోజు, ఏప్రిల్ 16ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంటే ఈ కాలపు తెలుగు నాటకానికి పునాది వేసినవాళ్ళలో ఒక పంతులు గారూ, ఆయన పిల్లలూ ఉన్నారన్నమాట. టంగుటూరి ప్రకాశం గారు కూడా రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో నాటకాల్లో వేషాలు కట్టినవారే. తర్వాత ఆయన బారిస్టరు అయ్యారు, ముఖ్యమంత్రీ అయ్యారు. వేషాలు కడితే చదువు చెడుతుందనే మాటకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

ఐదో రోజు పిల్లలకి ఇంటిపని ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్క ప్రశ్న అడిగి రావాలి. "చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పని ఏంటి?"

మా అమ్మాయి నన్ను అడుగుతుందేమోనని జవాబు సిద్ధం చేసుకున్నాను. అది నేరుగా మా అమ్మ దగ్గరకి వెళ్ళింది. అమ్మ వీధి అరుగు మీద కూచుని దీపానికి వత్తులు చేసుకుంటోంది.

"మామ్మా, నువ్వు చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పనేంటి?"

అమ్మ చెయ్యి ఆగలేదు. "లోహితాస్యుడి వేషం" అంది.

మా అమ్మకి డెబ్భై నాలుగేళ్ళు. పుట్టిందీ మెట్టిందీ పెద్దాపురమే. నేను నలభై ఆరేళ్ళుగా ఆవిడ కొడుకుని. ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు చెప్పింది. 1963లో అమ్మకి పన్నెండేళ్ళు. స్కూలు వార్షికోత్సవానికి హరిశ్చంద్ర నాటకంలో ఒక ఘట్టం వేద్దామనుకున్నారు. కాటికాపరి హరిశ్చంద్రుడు, పాము కరిచి చనిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకుని చంద్రమతి. ఆ కొడుకు లోహితాస్యుడి వేషం అమ్మకి వచ్చింది. తన మాటలే కాదు, అందరి మాటలూ కంఠస్థం పట్టేసింది. రెండు రోజులుందనగా మా తాతయ్యకి తెలిసింది. "మనకెందుకమ్మా నాటకాలు?" అన్నాడట.

నేను అరుగు మెట్టు మీద అలాగే నిలబడిపోయాను.

"చూడవే" అంది అమ్మ మనవరాలితో, నవ్వుతూ. "ఆ వేషంలో సగం సేపు చచ్చి పడుకోవడమే. అదీ చెయ్యనివ్వలేదు మా నాన్న."

ఇంకో మాట కూడా చెప్పింది. అదే ఏడాది లవకుశ సినిమా వచ్చింది. తాతయ్య ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళాడు. సీత భూమిలోకి వెళ్ళిపోతుంటే పైపంచెతో కళ్ళు తుడుచుకుని, తెరకి దండం పెట్టాడట. ఆ సీత ఎవరు? అంజలీదేవి గారు. 1927లో మన పెద్దాపురంలో పుట్టిన ఆడపిల్ల. చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుడి వేషానికి మనిషి లేకపోతే బదులుగా స్టేజీ ఎక్కిందట. ఆవిడ మొదటి వేషం అదేనంటారు. తర్వాత కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేసి, అక్కణ్ణుంచి సినిమాలకి వెళ్ళింది. ఎస్వీ రంగారావు గారు వేషాలు కట్టిన క్లబ్బే అది. పరాయి ఇంటి పిల్ల సీతైతే దండం పెట్టిన మనిషి, సొంత కూతురు లోహితాస్యుడవుతానంటే ఒప్పుకోలేదు.

ఎందుకో ఈ ఊరివాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆటా పాటా బతుకుతెరువుగా ఉన్న కుటుంబాలు ఒకప్పుడు మన ఊళ్ళో ఉండేవి. వాళ్ళ విద్యని మెచ్చుకున్న పెద్దమనుషులే ఆ ఇళ్ళని చిన్నచూపు చూశారు. పెద్దాపురం అంటే పక్క ఊళ్ళో వెకిలిగా నవ్వేవాళ్ళు. పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ స్టేజీ అంటే భయం ఉండేది. ఆ భయం తాతయ్య నోట్లోంచి నా నోట్లోకి, అర్థం పోయి మాట మాత్రం మిగిలి, అరవై ఏళ్ళ తర్వాత నా కూతురి కంచం ముందు పడింది.

పదో రోజు తల్లిదండ్రుల్ని పిలిచారు. స్టేజీ లేదు, మైకు లేదు, అద్దె డ్రెస్సులు లేవు. తరగతి గదిలో బెంచీలు పక్కకి జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అమ్మని ఆటోలో తీసుకెళ్ళి ముందు వరసలో కూచోబెట్టాను.

మూడో బృందం మా అమ్మాయిది. ఐదు నిమిషాల ఘట్టం. వార్షికోత్సవం జరుగుతోంది. ఇద్దరు పిల్లలు హరిశ్చంద్రుడూ చంద్రమతీ. వేరే పిల్లాడు లోహితాస్యుడిగా పడుకున్నాడు. ఇవతల ప్రేక్షకుల్లో ఒక అమ్మాయి కూచుని ఉంది. స్టేజీ మీద వాళ్ళు పలికే ప్రతి మాటకీ ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి. గొంతు మాత్రం రాదు. అంతే ఘట్టం. అలా చూపించాలని వాళ్ళకి ఎవరు చెప్పారో!

ఆ పిల్ల వేషం మా అమ్మాయి వేస్తుందనుకున్నాను. కాదు. ఆ పిల్ల పక్కన చేతులు కట్టుకుని కూచున్న తండ్రి వేషం వేసింది. అంటే మా తాతయ్య వేషం.

ఘట్టం అయ్యాక మాస్టారు మధ్యలో ఒక కుర్చీ వేశారు. వేషంలో ఉన్నవాళ్ళు అందులో కూచోవాలి, మిగతా పిల్లలు ఏమైనా అడగొచ్చు, వేషంలోనే ఉండి జవాబు చెప్పాలి. దీన్ని హాట్ సీటు అంటారట. మా అమ్మాయి కూచుంది. ఒక కుర్రాడు అడిగాడు. "మీరు సినిమాలో సీతకి దండం పెట్టారు కదండీ, మరి మీ అమ్మాయిని ఎందుకు ఆపారు?"

అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత తల దించుకుని అంది. "సీతని ఎవరూ ఏమీ అనరు బాబూ. మా అమ్మాయిని రేపు వీధిలో అంటారు. అప్పుడు నేనేం చెయ్యగలను? నాకు భయం."

నా పక్కన మా అమ్మ, ఎవరూ అడక్కుండానే, "అవును. భయమే" అంది. గట్టిగానే అంది. గది మొత్తానికి వినపడింది.

తిరిగి వస్తూ ఆటోలో చెప్పింది. "ఇన్నాళ్ళూ నాన్నకి నా మీద కోపం అనుకున్నానురా. నేనేదో తప్పు చేశాననుకున్నాను." అరవై ఏళ్ళపాటు అలా అనుకుంది. పదమూడేళ్ళ పిల్ల ఆయన కుర్చీలో కూచుంటే గాని తేలలేదు.

తర్వాత అమ్మాయిని అడిగాను, తాతయ్య వేషం ఎందుకు తీసుకున్నావని. "మామ్మ బాధ నాకు తెలిసిపోయింది నాన్నా. ఆయనే అర్థం కాలేదు. అందుకని" అంది. మూడో రోజు కిటికీలోంచి నేను చూసిన అద్దం ఆట ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. ఎదుటి మనిషి చెయ్యి ఎలా కదులుతుందో చూడ్డం నేర్చుకున్న పిల్ల, మనసు ఎటు కదులుతుందో చూడ్డానికి కూడా ప్రయత్నిస్తుంది.

నిజం చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతాను. ఈ వర్క్‌షాపు వల్ల మా అమ్మాయికి లెక్కల్లో మార్కులు పెరగలేదు. తగ్గనూ లేదు. పోయిన క్లాసులు ఆదివారాలు కూచుని పూర్తిచేసింది, కొంచెం విసుక్కుంది. స్టేజీ భయం పూర్తిగా పోయిందా అంటే, అదీ చెప్పలేను. ఒక మార్పు మాత్రం ఇంట్లో అందరం గమనించాం. ఎవరైనా కోపంగా మాట్లాడితే వెంటనే ఏడవడమో తలుపు వేసుకోవడమో చేసేది. ఇప్పుడు కాసేపు ఆగి, "ఎందుకలా అన్నావు?" అని అడుగుతోంది. అన్నివేళలా హాయిగా ఉండదు మనకి. కానీ మంచిదే.

మీ పిల్లలు కూడా ఇలాంటి ఫారం తెస్తారు. అప్పుడు నేను అడిగిన మూడు ప్రశ్నలు అడక్కండి. వీటిని అడగండి. ఒక మాస్టారికి ఎంతమంది పిల్లలు? హీరో వేషం కట్టిన ఇద్దరికేనా, ప్రతి పిల్లకీ పని ఉంటుందా? మాటలు బట్టీ పట్టిస్తారా, పిల్లల చేత ఆలోచింపజేస్తారా? బెదిరే పిల్లని బలవంతంగా ముందుకు తోస్తారా, దాని వంతు వచ్చేదాకా ఆగుతారా? చివరి రోజు వీడియో లేకపోతే బాధపడకండి. మా ఇంట్లో వీడియో లేదు. మా అమ్మ "భయమే" అన్న మాట మాత్రం అందరికీ గుర్తుంది.

ఆ ఆదివారం దుకాణం మూసి ఇంటికొచ్చేసరికి నడవాలో మడత మంచం మీద అమ్మాయి కదలకుండా పడుకుని ఉంది. ఒక్క క్షణం గాభరాపడ్డాను. పక్కన మా అమ్మ నిలబడి చెబుతోంది. "ఛాతీ కదలకూడదే. ఊపిరి పొట్టలో తియ్యాలి, మెల్లిగా. మా మాస్టారు అలాగే చెప్పారు. చెయ్యి మంచం పక్కకి వాలిపోవాలి, పట్టి ఉంచకు."

"ఇలాగా మామ్మా?"

"చచ్చినవాళ్ళు మాట్లాడరు. నోరు ముయ్యి."

నేను చెప్పులు విప్పి, చప్పుడు చెయ్యకుండా గడప దగ్గర కూచున్నాను. వచ్చే ఏడాది ఫారం వస్తే ముందు మా అమ్మకి చూపిస్తాను. సంతకం ఆవిడే పెడుతుంది.

ఎనిమిదో తరగతి విద్యార్థిని తండ్రి, పెద్దాపురం