నిలిచిన శిల, కొట్టుకుపోయిన ఊరు

2024 సెప్టెంబరు చివరి వారంలో నాలుగు రోజులపాటు మా అబ్బాయి ఫోను పలకలేదు. ఉద్యోగరీత్యా అతడు అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో, ఆష్‌విల్ అనే కొండపట్టణంలో నివసిస్తున్నాడు. హెలీన్ తుపాను ఆ కొండలపై విరుచుకుపడిందని వార్తల్లో విన్నాము. కడపలో మేము, మా ఇంటివారు ఆ నాలుగు రాత్రులు ఎలా గడిపామో, పిల్లలను పరదేశాలకు పంపిన తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఐదవనాడు “అబ్బా, బాగున్నాను” అన్న మాట వినబడింది. అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకొన్నాము. ఆనాడే ఒక నిశ్చయానికి వచ్చాము: అక్కడికి వెళ్లి, ఆ కొండలను కళ్లారా చూచి, అబ్బాయిని ఇంటికి రమ్మని అడగాలి.

మరుసటి సంవత్సరం అక్టోబరులో ఆ ప్రయాణం కుదిరింది. ఒక ఆదివారం ఉదయం అబ్బాయి మమ్మల్ని చిమ్నీ రాక్ స్టేట్ పార్కుకు తీసుకువెళ్లాడు. అది ఆష్‌విల్‌కు ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దారి పొడవునా చెట్ల ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరిగి ఉన్నాయి. హికరీ నట్ అనే ఇరుకైన కొండలోయలో రాకీ బ్రాడ్ నది ప్రవహిస్తుంది. లోయకు పైన, కొండగోడ నుండి విడివడి, ఎవరో కట్టి నిలిపిన స్తంభంవలె 315 అడుగుల ఏకశిల నిలిచి ఉన్నది. పొగగొట్టాన్ని పోలి ఉన్నందున దానికి చిమ్నీ రాక్ అని పేరు వచ్చింది.

రాయిని చూడగానే చేతితో తడిమి చూడటం కడపవారి అలవాటు. మా మద్రసాలో పిల్లలు కూర్చుని పాఠం చదువుకొనే నేల కడప బండే. అది నీటి అడుగున పొరపొరగా పేరుకొని గట్టిపడిన సున్నపురాయి. చిమ్నీ రాక్ జాతి వేరు. గ్రానైటు వంటి రాయి భూగర్భంలో విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై రూపు మార్చుకొన్నది. అందుకే దానిలో తెల్లని, నల్లని చారలు అలలవలె కనిపిస్తాయి. దాని వయస్సు సుమారు 50 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. కొండలో నిలువుగా పగుళ్లు ఏర్పడ్డాయి. ఆ పగుళ్లలో చేరిన నీరు చలికాలంలో గడ్డకట్టి రాతిని ఎడంచేసింది. చెట్ల వేళ్లు ఆ ఎడంలోకి చొరబడ్డాయి. బలహీనమైన భాగాలు విరిగి లోయలో పడిపోగా, మిగిలినదే ఈ స్తంభం.

చిమ్నీకి పైన కొండమీద మనిషి ముఖాన్ని తలపించే మరొక బండ ఉన్నది. దానికి అక్కడివారు ‘షైతాను తల’ అని పేరు పెట్టారు. మా ఇంటివారు “మీరు పిల్లలను భయపెట్టడానికి పనికివస్తుంది” అని నవ్వారు. మాకు మాత్రం అది జారిపోకుండా అంచున నిలబడిన పాపపు బండగానే తోచింది.

శిఖరానికి 499 మెట్లున్నాయి. 1949లో కొండ గర్భాన్ని 258 అడుగుల ఎత్తున తొలిచి లిఫ్టు కూడా ఏర్పాటు చేశారు. మేము మెట్లదారినే పట్టాము. మోకాళ్లు మొరాయించిన చోటల్లా కూర్చుంటూ ఎక్కాము. ఈ కొండను 1902లో లూషియస్ మోర్స్ అనే వైద్యుడు కొన్నాడు. క్షయరోగంతో బాధపడుతూ, మంచి గాలి కోసం ఈ ప్రాంతానికి వచ్చిన మనిషి ఆయన. శతాబ్దంపైగా ఆయన కుటుంబం చేతిలో ఉన్న ఈ స్థలాన్ని 2007లో రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్ల 40 లక్షల డాలర్లకు కొని ప్రజలపరం చేసింది. సమీపంలోనే 404 అడుగుల ఎత్తునుండి దూకే హికరీ నట్ జలపాతం ఉన్నది.

సముద్రమట్టానికి 2,280 అడుగుల ఎత్తున, శిఖరంపై నిలబడి కిందికి చూచాము. అంతవరకు రాతిపైనే ఉన్న మా దృష్టి ఊరిపైకి మళ్లింది. లోయ అడుగున నది పక్కన ఉన్న కొద్దిపాటి చదునులో చిమ్నీ రాక్ అనే గ్రామం ఉన్నది. తుపాను రాకముందే కురిసిన వానలకు కొండలన్నీ నానిపోయి ఉన్నాయి. సెప్టెంబరు 27న హెలీన్ కురిపించిన నీటిని నేల ఇముడ్చుకోలేకపోయింది. నిటారు కొండల నుండి బురద, చెట్లు, బండరాళ్లు ఒక్కసారిగా నదిలోకి దిగాయి. ఇరుకు లోయలో నది పక్కకు పారడానికి చోటు లేదు. దుకాణాలు, ఇళ్లు, పార్కుకు వెళ్లే వంతెన కొట్టుకుపోయాయి. ఆ శిథిలాలన్నీ దిగువనున్న లేక్ లూర్ చెరువులో చేరాయి. ఆ రాష్ట్రం మొత్తంమీద వందమందికి పైగా మరణించారు. పార్కు తిరిగి తెరుచుకొన్నది 2025 జూన్ 27న. మేము వెళ్లింది తాత్కాలికంగా వేసిన వంతెన మీదుగానే.

యాభై కోట్ల ఏండ్ల శిల చెక్కుచెదరలేదు. దాని పాదాల చెంత ఊరు ఒక్క పూటలో పోయింది. నిజానికి ఈ లోయను తొలిచినది కూడా ఆ నీరే.

కిందికి దిగి, జుహర్ నమాజు చేసుకొన్న తరువాత, మేము దాచుకొన్న మాట అబ్బాయితో అన్నాము: “నాయనా, ఇక ఇంటికి వచ్చెయ్యి.”

అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఆ వారం సంగతులు చెప్పాడు. ఆష్‌విల్‌లో కుళాయిల నుండి తాగదగిన నీరు రావడానికి 53 రోజులు పట్టిందట. అతడు, ఇరుగుపొరుగువారు వాగు నుండి బకెట్లతో నీరు మోసి, ఒంటరిగా ఉన్న ఒక వృద్ధురాలి ఇంటికి చేర్చేవారట. ఆమె ఇతని పేరు సరిగా పలకలేదు గాని, పొయ్యి వెలిగిన ప్రతిరోజూ పిలిచి కాఫీ ఇచ్చేదట. చివరికి మెల్లగా అడిగాడు: “అబ్బా, చెయ్యేరు వరద వచ్చినప్పుడు మీరు బియ్యం తీసుకొని వెళ్లారు కదా. ఆ ఊళ్లవాళ్లను ఊరు వదిలిపెట్టమని చెప్పారా?”

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు గ్రామాలు మునిగినప్పుడు మేము మద్రసా పిల్లలతో కలిసి వెళ్లిన మాట వాస్తవమే. బురద నిండిన ఇళ్లముందు నిలబడి, ఓర్చుకోండి, మళ్లీ కట్టుకోండి అనే చెప్పాము. ఇతరుల బిడ్డలకు చెప్పిన మాట మన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మారిపోయిందో మాకు అర్థం కాలేదు. అబ్బాయికి జవాబు ఇవ్వలేకపోయాము. అడిగిన మాటను వెనక్కు కూడా తీసుకోలేదు.

తిరుగు దారిలో గ్రామంలో ఆగాము. ఒకచోట పునాదులు మాత్రమే మిగిలి ఉన్నాయి. దాని పక్కనే కొత్త కర్ర వాసనతో ఒక దుకాణం తెరిచి ఉన్నది. మా ఇంటివారు అవసరం లేకపోయినా ఒక కప్పు కొన్నారు. ఆ ప్రాంతానికి వెళ్లే మన పాఠకులకు ఒక్క మనవి: టికెట్టు ముందుగా తీసుకొని కొండను తప్పక చూడండి, అయితే కొండను మాత్రమే చూచి తిరిగిరాకండి. ఊరిలో కాసేపు ఆగండి, ఏదో ఒకటి కొనండి, అక్కడివారిని పలకరించండి. ఆ కప్పు ఇప్పుడు కడపలో మా వంటింటి గూటిలో ఉన్నది. అబ్బాయి ఫోను వచ్చినప్పుడల్లా మా ఇంటివారు అందులోనే చాయ్ పోస్తారు.