ప్రొద్దుటి పొగ

మా చెల్లెలి కొడుకు బెంగుళూరులో వుద్యోగము చేస్తూ, ముచ్చటపడి వొక పాత స్పోర్ట్సు కారు కొన్నాడు. రెండే తలుపులు, నేలకు జానెడెత్తు, పులిలాగా గర్జించే యింజను. కంపెనీ పేరు యెందుకు లెండి. యేడాది తిరగకుండానే అతనిని ఆఫీసువారు విదేశానికి పంపినారు. "మామయ్యా, మీ వాకిట్లో వుంచుకొని, మంచి బేరము వస్తే అమ్మిపెట్టండి" అని కారును లింగసుగూరు తెచ్చి మాకు వొప్పగించి వెళ్ళిపోయినాడు.

తుంగభద్ర కాలువ నీటిని నమ్ముకొని రాయచూరు జిల్లాకు వచ్చిన తెలుగు కుటుంబాలలో మాదీ వొకటి. ట్రాక్టరు పొగ మాకు కొత్త కాదు. కాని యీ కారు పొగ వేరు. ప్రొద్దున్నే తాళము త్రిప్పగానే వెనుకనుండి నీలిరంగు మబ్బు లేచి పెరడంతా క్రమ్ముకొనేది. "దోమల మందు కొట్టే బండి వచ్చింది, కిటికీలు మూయండి" అని ప్రక్కింటావిడ కేకవేసేది. రెండు నిమిషాలలో అంతా మాయము. యిక రోజంతా పొగ అన్నమాటే లేదు.

బస్టాండు దగ్గర వొక ముసలి మిస్త్రీ వున్నాడు. ఆయన చేతిలో పడేవి లారీలు, జీపులు. యే చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షము గదా అని కొంచెము చులకనగానే వెళ్ళినాము. పది నిమిషాలలో మా చులకన వదిలిపోయినది.

"పొగకు మూడు రంగులు సార్. నల్లగా వస్తే పెట్రోలు యెక్కువ మండుతున్నట్లు. తెల్లగా వచ్చి ఆగకపోతే రేడియేటరు నీళ్ళు లోపలికి పోతున్నట్లు. నీలిగా వస్తే ఆయిలు కాలుతున్నట్లు. యిది ఆయిలు" అన్నాడాయన.

సిలిండరు పైన వాల్వులుంటాయి. వాల్వు కాడకు చిన్న రబ్బరు సీలు తొడుగుతారు, పైనున్న ఆయిలు క్రిందికి జారకుండా. వేడికి, వయస్సుకు ఆ రబ్బరు గట్టిపడి పగులుతుంది. రాత్రంతా బండి నిలిచివుంటే ఆయిలు బొట్టుబొట్టుగా కాడవెంబడి దిగుతుంది. తెల్లవారి స్టార్టు చేయగానే అది కాలి పొగ అవుతుంది. పిస్టను రింగులు అరిగితే సంగతి వేరు. అప్పుడు గట్టిగా యాక్సిలరేటరు త్రొక్కినప్పుడల్లా పొగ వస్తూనే వుంటుంది. స్పోర్ట్సు కారు యింజను వేగముగా తిరిగి, కాలు తీయగానే లోపల గట్టిగా పీల్చుకొంటుంది గనుక సీళ్ళు వదులైతే ఆయిలు మరింత దిగుతుంది. పోర్షే 911 వంటి కార్లలో సిలిండర్లు పడుకొని వుంటాయి. వాటికి ప్రొద్దున కొంచెము పొగ రావడము జబ్బే కాదట.

ఆయిలు త్రాగడమంటే గుర్తుకు వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధపు విమానాలలో, సిలిండర్లే గిరగిర తిరిగే యింజన్లకు పోసినది మన ఆముదమే. అది పెట్రోలులో తేలికగా కలవదు గనుక. కాలినంత కాలి మిగిలినది బయటికి చిమ్మేది. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీవారు తమ నూనెకు కాస్ట్రాల్ అని పేరు పెట్టినది అందులో కాస్టరు, అనగా ఆముదము, కలిపినందువల్లనే. మహబూబునగరం చేలలో పండే గింజకు పందెపు కార్లతో యింత చుట్టరికమున్నదని మేము యెరుగము!

మిస్త్రీ మాటమీద వొక పుస్తకము పెట్టి, డిప్‌స్టిక్కు చూసి లెక్క వ్రాసినాము. వెయ్యి కిలోమీటర్లకు అరలీటరు పైచిలుకు తగ్గినది. లీటరు వరకు పరవాలేదని కొందరు తయారీదారులే చెబుతారు గాని, ప్రొద్దుటి పొగ చూచి యెవరు కొంటారు?

వుపాయము బ్రోకరు చెప్పినాడు. "బేరగాడు వచ్చేముందు అరగంట నడిపి వుంచండి. పొగ కనపడదు."

హట్టి బంగారు గనులవైపునుండి వొక కుర్రవాడు వచ్చినాడు. మేము బ్రోకరు చెప్పినట్లే చేసినాము. చుక్క పొగ లేదు. కుర్రవాడు కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, నాలుగేళ్ళుగా దాచిన డబ్బు అని చెప్పి, బయానా యిచ్చి వెళ్ళినాడు.

ఆ రాత్రి మా శ్రీమతి వొకే మాట అన్నది. "ఆ పిల్లవాడు రేపు ప్రొద్దున స్టార్టు చేస్తాడు గదా?"

ఆ "రేపు ప్రొద్దున" మాకు నిద్ర పట్టనివ్వలేదు. తెల్లవారగానే టెలిఫోను చేసి, "బాబూ, రేపు ఆరుగంటలకు రా. యింజను చల్లగా వున్నప్పుడు చూడు" అన్నాము. వచ్చినాడు. తాళము అతనిచేతికే యిచ్చినాము. మబ్బు లేచినది. మొన్న చేసినదంతా చెప్పి, బయానా చేతిలో పెట్టినాము. అతను చాలాసేపు మాటాడలేదు. మాకూ తలయెత్తే ధైర్యము లేకపోయినది. చివరకు, "దీన్ని బాగుచేసే మిస్త్రీ వున్నాడా అంకుల్?" అన్నాడు.

ముసలాయన యింజను తలను విప్పకుండానే పని చేసినాడు. స్పార్కుప్లగ్గు రంధ్రములోనుండి నూలుతాడు దించి, పిస్టనును పైకి తెచ్చినాడు. ఆ తాటిచుట్ట వాల్వులను లోపలికి జారనీయలేదు. అలా వొక్కొక్కటిగా కొత్త సీళ్ళు తొడిగినాడు. ఆ ఖర్చు ధరలో తగ్గించి అమ్మినాము. మేనల్లుడు టెలిఫోనులో కొంచెము నొచ్చుకొన్నాడు. ఆ తగ్గిన మొత్తము మా జేబునుండే అతనికి పంపినాము. అబద్ధము మేము ఆడినప్పుడు నష్టము అతనిదెందుకవుతుంది?

పాతకారు కొనబోయే చదువరులకు మా మనవి వొక్కటే. ప్రొద్దున్నే వెళ్ళండి. ముందు బానెట్టుమీద చెయ్యిపెట్టి చూడండి. వెచ్చగా వుంటే, యెందుకు వెచ్చగా వున్నదో అడగండి. ఆ కుర్రవాడు మమ్మల్ని అడగలేదు. పెద్దవాళ్ళము గదా అని నమ్మినాడు.