డ్రిల్ పీరియడ్ నుంచి జకార్తా దాకా

మాదాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో స్ఫూర్తి ప్రసంగాలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. పెద్ద ప్రాజెక్టు మొదలయ్యే ముందో, ఉద్యోగాల కోతల వార్తలతో జనం డీలా పడ్డప్పుడో ఒక వక్తను పిలిపించి ఆడిటోరియంలో అందరినీ కూర్చోబెడతారు. ఆ వక్తల్లోనూ ఆటల కోచ్‌లంటే మక్కువ ఎక్కువ. గెలుపోటముల సంగతి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుందన్న నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. ఆ పక్కనే గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ 2008లో పెట్టిన అకాడమీ ఉంది. సైనా నెహ్వాల్ లండన్ కాంస్యం వెనక, సింధు రియో రజతం వెనక అక్కడి తెల్లవారుజాము శిక్షణ ఉంది. అలాంటి మనిషి మాట్లాడతానంటే ఎవరైనా వచ్చి కూర్చుంటారు.

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. మా కంపెనీకి హైటెక్ సిటీలో పెద్ద ఆఫీసు ఉండటంతో పని మీద వస్తూ పోతూ ఉంటాను. పోయినసారి వచ్చినప్పుడు అలాంటి సభ ఒకటి జరిగింది. మాట్లాడినాయన ఒకప్పుడు బడిలో టీచరు, సాయంత్రాలు ఫుట్‌బాల్ కోచ్. ఇప్పుడు ప్రసంగాలే వృత్తి. బాగా మాట్లాడారు. నా పక్కన కూర్చున్న కుర్రాడు చివర్లో కళ్లు తుడుచుకున్నాడు. బయట కాఫీ తాగుతూ అతన్ని అడిగాను, బడిపంతులుగా ఉండి ఫుట్‌బాల్ కోచ్ అయినాయన మన హైదరాబాద్‌లోనే ఒకరుండేవారు, రహీం సాబ్, విన్నావా అని.

"అజయ్ దేవగణ్ సినిమా కదన్నా, 'మైదాన్'? ఓటీటీలో చూసిన. ఆయన హైదరాబాదీ అని తెల్వదు."

అతను పుట్టి పెరిగింది అంబర్‌పేటలో. రహీం మొదట పాఠాలు చెప్పిన కాచిగూడ బడికీ వాళ్లింటికీ మధ్య పెద్ద దూరం లేదు. ఆ సంగతి చెప్పినప్పుడు ఆ అబ్బాయి ముఖంలో కనిపించిన ఆసక్తి వల్లే ఈ నెల కాలమ్ ఇలా రాస్తున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బీఏ చదివి ఉపాధ్యాయుడయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇలా ఒక బడి తర్వాత ఒక బడి. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. మన చిన్నప్పటి భాషలో డ్రిల్లు సారు, ఇప్పటి పిల్లల మాటలో పీఈటీ సార్. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయి, పోయేదాకా ఆ పని చేశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ కోచ్. ఆయన చేతికి వచ్చిన సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. బొంబాయి వెళ్లి, కలకత్తా పెద్ద క్లబ్బులు కూడా పోటీపడే చోట, మన నగరం పోలీసులు ఐదేళ్లపాటు కప్పు ఎవరికీ ఇవ్వలేదు.

సికింద్రాబాద్‌లో ఉండే మా బాబాయ్‌కి ఎనభై దాటాయి. ఆ రోజుల సంగతి ఎత్తితే చాలు, లేచి కూర్చుంటాడు. "గల్లీకో క్లబ్బు ఉండెరా అప్పుడు. చెప్పులు గూడ లేనోళ్లం, బంతి కోసం చందాలేసుకునేటోళ్లం. పొద్దు గూకినా ఇంటికి పోకపోతుండె" అంటాడు. ఆ గల్లీల్లోనే రహీం చేసిన అసలు పని ఉంది. పిల్లల కోసం ఆయన పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒకదాంట్లో బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని పరిగెత్తకూడదు, రాగానే ఇంకొకరికి అందించాలి. ఇంకొకదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. జట్టుకు ఐదుగురే ఉండే చిన్న పోటీలు కూడా ఉండేవి. కుడికాలి పిల్లవాడు ఎడమకాలితో తన్నలేక తడబడతాడు, తోటివాళ్లు నవ్వుతారు, నెలలు గడిచేసరికి వాడికి రెండు కాళ్లూ ఒకటే అవుతాయి. ఎప్పుడు పాస్ ఇవ్వాలో కళ్లకు ముందే తెలుస్తుంది. బళ్లో లెక్కలు నేర్పే తీరు ఇది. కష్టమైన దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కను విడిగా సాధన చేయించడం. ఆయన గురించి తెలుసుకున్న కొద్దీ ఫుట్‌బాల్ చరిత్రలో కనిపించే గొప్ప కోచ్ కంటే ఈ బడిపంతులే నన్ను ఎక్కువ ఆకట్టుకుంటాడు.

అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌ని చూసింది కూడా అలాంటి కళ్లతోనే. పేద ఇల్లు. నగరంలో శిక్షణకు రావడానికి చేతిలో డబ్బు లేదు. సైకిల్ ఖర్చు రహీమే చూసుకున్నారని బలరామ్ పెద్దయ్యాక కూడా చెప్పుకునేవారు. ఆ కుర్రాడు ఇరవై ఏళ్ల వయసుకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత రోమ్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ చేశాడు.

మెల్‌బోర్న్ అన్నాను కదా. రిచ్‌మండ్ స్టేషన్‌లో దిగి యారా నది వైపు నడిస్తే, ఒకప్పుడు ఒలింపిక్ పార్క్ స్టేడియం ఉన్న చోటికి వెళ్లొచ్చు. పాత స్టేడియాన్ని పడగొట్టేశారు. ఇప్పుడక్కడ ఆస్ట్రేలియన్ రూల్స్ క్లబ్ ఒకటి సాధన చేసుకునే పచ్చిక ఉంది. 1956 డిసెంబర్ 1న ఆ నేల మీదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో ఒక ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదలు. ఇండియా నుంచి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తుంటాను. చూడటానికి ఏమీ ఉండదు. అయినా నిలబడి ఆ కథ చెప్తాను, వాళ్లు వింటారు.

సెమీఫైనల్ యుగోస్లావియాతో. ఆ పేరు వింటేనే మనవాళ్లకు పాత గాయం. 1952లో హెల్సింకీలో అదే దేశం చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్లలో చాలామంది ఉత్తి కాళ్లతో ఆడారు. తిరిగొచ్చాక బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన హంగరీ ఆటతీరును రహీం ఒంటబట్టించుకున్నారు. ముందు వరసలోని సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి, ప్రత్యర్థి డిఫెండర్లకు ఎవరిని కాచుకోవాలో తెలియకుండా చేయడం అందులో కిటుకు. బద్రు బెనర్జీతో ఆ పని చేయించారు. హెల్సింకీ ఓటమికి నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో అదే యుగోస్లావియా మీద డిసౌజా గోలుతో ముందు ఆధిక్యం సాధించింది మనమే. ఆ తర్వాత నాలుగు గోల్స్ తిని 4-1తో ఓడిపోయాం. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా మనల్ని 3-0తో ఓడించింది. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎన్నడూ పోలేదు.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారుల్ని ఇండోనేషియా రానివ్వలేదు. భారత్‌కు చెందిన ఒలింపిక్ సంఘ ప్రముఖుడు జి.డి.సోంధీ దాన్ని గట్టిగా తప్పుపట్టారు. దాంతో ఊరంతా మన జట్టు మీద కోపంతో ఉంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం ఊపిరితిత్తుల్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటి ఫైనల్ చేరితే, ఎదురుగా మళ్లీ కొరియా.

ఫైనల్‌కు ముందు ఆయన ఆటగాళ్లతో మాట్లాడారు. నాకు మీ దగ్గర్నుంచి ఒక కానుక కావాలి, రేపు స్వర్ణం గెలిచి ఇవ్వండని అడిగారని ఆనాటి ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. సినిమాకు కూడా ఆ ఘట్టమే ప్రాణం. ఇప్పటి వక్తలు ఆయన గురించి చెప్పినా అదే చెబుతారు.

నాకు మాత్రం ఆ మాటకు ముందు ఆయన తీసుకున్న నిర్ణయాలు ముఖ్యమనిపిస్తాయి. తలకు కుట్లున్న జర్నైల్‌ను డిఫెన్స్‌లో పెడితే గాల్లో వచ్చే ప్రతి బంతినీ తలతో ఎదుర్కోవాలి. అందుకని అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. ఫైనల్‌కు గోల్‌కీపర్‌గా ఆజానుబాహుడు పీటర్ తంగరాజ్‌ను దింపారు. సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది ఎగతాళి చేస్తుంటే, మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె.బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిరిగిచ్చింది. 2-1. చునీ గోస్వామి కెప్టెన్‌గా స్వర్ణం అందుకున్నాడు. 1951లో ఢిల్లీలో ఇరాన్‌ను 1-0తో ఓడించిన తర్వాత రహీంకు అది రెండో ఆసియా స్వర్ణం. భారత ఫుట్‌బాల్‌కు మూడోది ఇంతవరకు రాలేదు.

కానుక అడిగే హక్కు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఎదురుగా కూర్చున్న ఒక్కొక్కరి బలహీనమైన కాలు ఏదో ఆయనకు తెలుసు. ఎవరి తలకు కుట్లున్నాయో, ఆ తలను ఎలా కాపాడాలో తెలుసు. పన్నెండేళ్లు నేర్పిన తర్వాత ఒక్కసారి అడిగారు. అదే మాట ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి చెబితే పట్టుమని పదినిమిషాలు కూడా గుర్తుండదు. ఆ జట్టులోని పి.కె.బెనర్జీ తర్వాత కలకత్తా క్లబ్బులకు కోచ్ అయి, ఆటకు ముందు చేసే ప్రసంగాలతో ఎంతో పేరు తెచ్చుకున్నాడు. బెంగాల్ పత్రికలు దానికి 'వోకల్ టానిక్' అని పేరు పెట్టాయి. ఆ విద్యకు మూలం వెతికితే మన చాదర్‌ఘాట్ దగ్గర తేలుతుందని నా నమ్మకం.

రహీం 1963 జూన్ 11న పోయారు, యాభై మూడేళ్లకు. దేశంలో కోచ్‌లకు ద్రోణాచార్య పురస్కారం మొదలైంది ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు, 1985లో. ఆయన కొడుకు ఎస్.ఎస్.హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. శిష్య పరంపరలోని హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. అక్కడితో ఆ తరం కథ ముగిసింది.

ఐటీ కారిడార్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. గచ్చిబౌలి స్టేడియంలో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన మనోలో మార్క్వెజ్ తర్వాత భారత జట్టుకు కోచ్ కూడా అయ్యారు. ఆ క్లబ్ ఇప్పుడు నగరం వదిలి ఢిల్లీ వెళ్లిపోయింది. కొండాపూర్‌లో, కొత్తగూడలో రాత్రి తొమ్మిది దాటాక టర్ఫ్‌ల దీపాలు వెలుగుతాయి. షిఫ్ట్ దిగిన పిల్లలు గంటకింతని అద్దె కట్టి జట్టుకు ఐదుగురు చొప్పున ఆడతారు. రహీం పెట్టిన చిన్న పోటీల ఆకారమే అది. ఆడేవాళ్లకు ఉత్సాహం ఉంది, వేగం ఉంది. నేర్పేవాళ్లు మాత్రం కనిపించరు. ఆ పక్క వీధిలోని సర్కారు బళ్లో నేర్పగల పీఈటీ సార్ ఉంటారు. ఆయన చేతిలో ఒకటో రెండో గాలిపోయిన బంతులుంటాయి. పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడ్ కూడా లెక్కల సారు తీసేసుకుంటారు. ప్రైవేటు బళ్లలో అయితే చాలాచోట్ల మైదానమే లేదు. ఆ టర్ఫ్‌కూ ఆ సర్కారు బడికీ మధ్యనున్న గోడ నన్ను బాధపెడుతుంది. ఆఫీసులు ఒక్క ప్రసంగానికి ఖర్చు పెట్టే డబ్బుతో ఆ పీఈటీ సారుకు ఏడాదికి సరిపడా సామాను వస్తుంది.

మెల్‌బోర్న్ పశ్చిమాన టార్నీట్, ట్రుగనీనా వైపు మన తెలుగువాళ్లు చాలామంది. శనివారం పొద్దున పిల్లల మ్యాచ్‌లకు తల్లిదండ్రులే కోచ్‌లు. జీతం ఉండదు. చిన్న కోర్సు చేసి, పిల్లలతో పనిచేసేందుకు ప్రభుత్వ అనుమతి కార్డు తీసుకుని దిగుతారు. నర్సులు, ఎలక్ట్రీషియన్లు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఒక్కో పిల్లవాడు ఏ కాలితో తన్నుతాడో, ఎవరు ఓడితే ఏడుస్తారో వాళ్లకు తెలుసు. వచ్చే సీజన్‌కు పదేళ్లలోపు పిల్లల సాధనలో ఒక నెల రహీం పోటీలు పెడదామని మా క్లబ్బులో అడిగాను. బంతి అట్టే ఉంచుకోకుండా పాస్ ఇచ్చే ఆట రెండు వారాలు, అలవాటు లేని కాలితో ఆడేది ఇంకో రెండు వారాలు. సరే అన్నారు.

హైదరాబాద్ ఆఫీసులో సామాజిక సేవ నిధులు చూసేవాళ్లకు కూడా రాశాను. శేరిలింగంపల్లిలోని ఏదైనా ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌ను ఎంచుకుని, బంతులు, బూట్లు, గోల్ స్తంభాలు ఇచ్చి, వారానికి రెండు సాయంత్రాలు ఆఫీసు నుంచి ఆడగలిగినవాళ్లు వెళ్లి అక్కడి పీఈటీ సార్ చెప్పినట్టు చేయాలని ప్రతిపాదన. అంబర్‌పేట కుర్రాడు మొదటి పేరు తనదే రాయించుకున్నాడు.