రేపటి కుంపిణీ సైన్యాలు

యంత్రవిజ్ఞానం ఆకాశానికి ఎగబాకినా సామాన్యుడి బతుకు మాత్రం పాతాళానికి జారిపోయిన రేపటి లోకాన్ని ఊహించే కాల్పనిక శాఖకు సైబర్‌పంక్ అని పేరు. అమెరికన్ ఆటల రచయిత మైక్ పాండ్‌స్మిత్ 1988లో ఆ లోకాన్ని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటగా, అంటే నిర్వాహకుడు నడిపే కథలో ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి మెలిగే ఆటగా మలిచాడు. ప్రవాస తెలుగు ఇళ్లలో పెద్దలకు ఇది 2020 డిసెంబరులో వచ్చిన సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్‌గానే, అదీ పిల్లల గదిలోంచే పరిచయమై ఉంటుంది. అందులోని సైన్యాల గురించి మాత్రం పెద్దలు కూడా ఆలోచించవలసినంత ఉంది.

కాలిఫోర్నియా తీరాన వెలసిన నైట్ సిటీ అనే ఆ కల్పిత నగరంలో అసలు బలగం ప్రభుత్వానిది కాదు, కంపెనీలది. అమెరికన్ సంస్థ మిలిటెక్ ఆయుధాలతోపాటు వాటిని పట్టే సిపాయిలనూ సమకూరుస్తుంది. జపాన్ సంస్థ అరసాకా కాపలా పేరిట సొంత దండునే పోషిస్తుంది. దివాలా తీసిన ఒక సంస్థ కోసం పోటీపడ్డ రెండు సముద్ర వ్యాపార కంపెనీలు ఈ రెండింటినీ చెరొకవైపు కుదుర్చుకోవడంతో రాజుకున్న నాలుగో కార్పొరేట్ యుద్ధంలో, కిరాయికి వచ్చినవారే అసలు వైరులై, కథాకాలం 2023లో నగరం నడిబొడ్డున అణుబాంబు పేలేదాకా పోరాడతారు.

ఏ కంపెనీకీ కట్టుబడకుండా పనికింత అని మాట్లాడుకునే కిరాయి సైనికుణ్ణి ఈ ఆటలో సోలో అంటారు. పోరులో నిలవడానికి అతడు లోహపు చెయ్యో యంత్రనేత్రమో అమర్చుకున్నప్పుడల్లా ఆటగాడు పాచికలు వేసి, పాత్ర వివరాలున్న కాగితం మీద ‘మానవత్వం’ అన్న గడిలోని అంకెను చెరిపి, తగ్గిన అంకెను రాసుకోవాలి. పది పాయింట్లు పోయిన ప్రతిసారీ సాటి మనిషి బాధ తెలిసే గుణం ఒక మెట్టు దిగుతుంది; మానవత్వం సున్నా కన్నా కిందికి పోతే ఆ పాత్ర ఆటగాడి చేయి దాటి నిర్వాహకుడి వశమవుతుంది. ఆయుధబలానికి మనిషి చెల్లించే మూల్యాన్ని ఇంత సూటిగా కళ్లెదుట పెట్టడమే ఈ ఆట గొప్పదనం.

తెలుగులో కిరాయి అన్న ఒక్క మాటే ఇంటద్దెకూ, మనిషిని డబ్బుకు కుదుర్చుకోవడానికీ చెల్లుతుంది. 2020లో వచ్చిన సైబర్‌పంక్ రెడ్ కూర్పులో సరుకుల కంటైనరునే ఇల్లుగా చేసుకున్న సోలో కూడా నెల తిరిగేసరికి 1,000 యూరోబక్స్, అంటే ఆ లోకపు డబ్బు, అద్దె కింద కట్టుకోవాలి గనుక, అతడు తుపాకి పట్టేది వీరత్వం కోసం కాదు, తల దాచుకోవడానికి.

కంపెనీకి సైన్యమా అని తెలుగువారు ఆశ్చర్యపోనక్కరలేదు, ఈస్టిండియా కంపెనీని కుంపిణీ అని పిలిచి దాని పటాలాలను చూసిన నేల వారిది. 1798లో హైదరాబాదు నిజాం ఆ కుంపిణీతో సైన్య సహకార ఒప్పందం చేసుకుని దాని పటాలాల ఖర్చు తానే భరించడానికి ఒప్పుకున్నాడు. అంతవరకు తన కొలువులో ఉన్న, ఫ్రెంచి సేనాని రేమండ్ పెంచి పోషించిన దళాన్ని రద్దు చేయవలసి వచ్చింది. హైదరాబాదులోని మూసారాంబాగ్ పేట పేరులో నేటికీ మిగిలి ఉన్నాడని చెప్పుకునే రేమండ్ అప్పటికి కొన్ని నెలల క్రితమే మరణించాడు. ఆ అక్టోబరులో అతని సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడ్డారు. వారు అడిగింది రావలసిన జీతం బకాయిలు.