ఎవరును నియమింపని నాయకులు

తరగతి నాయకుని నియమించు పని ఏటేటను నాపై బడుచుండెడిది. హాజరుపట్టీ చూచి, పొడగరి యొకనినో, మార్కులు మిక్కిలిగా వచ్చిన బాలికనో నిలువబెట్టి, "నేటినుండి అందరును నీ మాట వినవలెను" అని చెప్పుచుంటిని. నేను వరండా దాటునంతవరకు వినుచుండెడివారు. దాటగనే గోల మొదలగుచుండెను. పెద్దల చూపు సోకనిచోట నాయకత్వ మెట్లు పుట్టునో నాకు బడిలో కానరాలేదు. మా మనుమడు చెప్పిన యొక కంప్యూటరు ఆట వృత్తాంతములో కానవచ్చినది.

ఆ యాట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అమెరికాలోని బ్లిజర్డ్ సంస్థ దానిని 2004లో వెలువరించినది. వేలకొలది జనులు ఇంటర్నెట్టు ద్వారా తమ యిండ్లనుండియే ఒక కల్పితలోకమున ప్రవేశింతురు. ఒకడు యోధుడు, ఒకడు వైద్యుడు, ఒకడు వేటకాడు. వారు జట్టులుగా గూడుదురు; జట్టునకు నాయకుడు కలడు. అతనికి జీతము లేదు. అతని మాట నచ్చనివాడు మరుక్షణమే వేరొక జట్టులో చేరవచ్చును.

2005 సెప్టెంబరులో ఆ లోకమున నొక మహామారి చెలరేగినది. క్రొత్తగా చేర్చిన పాడునగరములో హక్కార్ అను సర్పదైవము తనతో పోరాడువారి రక్తమును చెడగొట్టును. ఆ జబ్బు ప్రక్కవారికి అంటుకొనును. అది నగరము వెలుపలికి రాకూడదని సంస్థవారి యేర్పాటు. కాని వేటకాండ్ర పెంపుడు మృగములు దానిని రాజధానులకు మోసికొనిపోయినవి. బలవంతులు తట్టుకొనిరి, క్రొత్తగా చేరిన బలహీనులు క్షణములలో కూలిరి. వీధులు ఎముకలతో నిండెను.

ఆటయే గదా, చచ్చినవాడు మరల లేచును గదా యని మీరనవచ్చును. నిజమే. ఐనను మనుష్యుల నడవడి చూడుడు. కొందరు పట్టణము విడిచి పారిపోయిరి. కొందరు కావలెననియే జబ్బు నంటించుకొని గుంపులలోనికి పోయిరి; ఇట్టివారు ప్రతి తరగతిలోను ఇద్దరైన నుందురని నా యనుభవము. కొందరు వైద్యులు మాత్రము ఎవరును పిలువకుండగనే ముందుకు వచ్చి, ముఖ మెఱుగనివారికి సైతము చికిత్స చేసిరి. చికిత్స చేయు శక్తి లేనివారు కొందరు, రోగమున్న దిక్కునకు పోవలదని యితరులను మరలించిరి. రోగులు వేరుగా నుండవలెనని సంస్థవారు చేసిన యేర్పాటు సాగలేదు. యంత్రములను ఆపి, ఆటను సరిదిద్దిన పిమ్మటగాని పీడ విరగడ కాలేదు. సర్వాధికారులమాట చెల్లని ఆ దినములలో, ఏ యధికారమును లేనివారు వీధులలో నిలిచియుండిరి.

ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అను పండితులు 2007లో ఈ వృత్తాంతమును లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో చర్చించిరి. అందలి మాట యొకటి నన్ను పలుదినములు వదలలేదు. వైద్యుల చికిత్సవలన రోగులు బ్రదికిరి. అట్లు బ్రదికినవారు జబ్బును మఱికొందరికి అంటించియు నుండవచ్చునట.

"ఐతే చికిత్స మానవలెనా, తాతయ్యా?" అని మనుమడు అడిగెను.

"మానవలదు. ముందుగా రోగిని జనసమ్మర్దమునుండి దూరముగా గొనిపోవలెను" అంటిని.

"ఆ మాట అంతమంది వైద్యులకు ఎవరు చెప్పవలెను?" అని వాడు మరల నడిగెను.