బీచ్‌కి వెళ్తున్నారా? ఒక గంట ఎక్కువ ఉంచుకోండి



ఈమధ్య ఏడో తరగతిలో ‘ఎరోజన్’ అంటే ఏమిటని అడిగాను. పిల్లలు ఇంగ్లిష్‌లో డెఫినిషన్ గడగడా అప్పజెప్పారు. “మరి ఎక్కడైనా చూశారా?” అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. వాళ్లలో చాలామంది పోయిన వేసవిలో వైజాగ్ వెళ్లొచ్చినవాళ్లే!

నేను విశాఖలో బీఎడ్ చదివేటప్పుడు ఆదివారాలు స్నేహితురాళ్లతో కలిసి భీమిలి బస్సెక్కేదాన్ని. ఊరి నుంచి భీమిలికి సుమారు 25 కిలోమీటర్లు. దారి పొడవునా కుడిపక్క సముద్రమే. ఆర్కే బీచ్‌లో ఫొటో దిగి వెనక్కి వచ్చేసేవాళ్లు అసలైన పాఠాన్ని వదిలేసినట్టే.

రుషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. పైన బౌద్ధ భిక్షువుల విహారం శిథిలాలు, నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. కొండకు ఆ పేరు రావడానికి కారణం ఆ తొట్లే. కింద మంగమారిపేట తీరంలో సముద్రం చెక్కిన రాతి తోరణం ఉంది. అలలు కొట్టీ కొట్టీ మెత్తని భాగం రాలిపోయింది, గట్టి భాగం తోరణంలా నిలిచింది. ఆటు వేళ వెళితే బాగా కనబడుతుంది.

ఇంకాస్త ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక అది. రేణువుల మీద ఇనుము తుప్పు పొర ఉండబట్టే ఆ ఎరుపు. వాన నీరు దాన్ని చీల్చుకుంటూ లోతైన గెడ్డలు చేసింది. మన పాఠ్యపుస్తకంలోని ‘ఎరోజన్’ అక్కడ కళ్లముందే ఉంటుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయితే ఆ దిబ్బలు చాలా మెత్తన. అంచులెక్కి జారితే, మట్టి సంచుల్లో నింపుకుంటే కరిగిపోతాయి. పోయిన దిబ్బను మళ్లీ ఎవరూ కట్టలేరు. ఈ మాట అక్కడే, మీ నోటితో పిల్లలకు చెప్పండి.

చివర భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒకప్పుడు వ్యాపారానికి వచ్చిన డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ‘యూరోపియన్ల రాక’ పాఠం చదివిన పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. తీరంలో అలలు లేక ప్రశాంతంగా కనిపించే చోటే ఒక్కోసారి నీరు లోపలికి లాగుతుంది. ఒడ్డుకొచ్చిన నీరంతా ఆ సన్నని దారినే వెనక్కి పోతుంది. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకు ఈదాలి. దిగేముందు అక్కడి జాలర్లను అడగండి. వాళ్లు వద్దంటే వద్దు. పిల్లలు మోకాలి లోతులో ఉన్నా మీ చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి.

మీ ప్రయాణంలో ఇంకో ఊరు చేర్చమని అడగడం లేదు. ఉన్న చోటే ఒక గంట ఎక్కువ ఆగమంటున్నాను. ఆ గంటలో “పద పద, లేటవుతోంది” అనకండి. పిల్లవాడు రాయి ముందు కూర్చుంటే కూర్చోనివ్వండి. “ఎందుకిలా ఉంది?” అని అడిగితే, జవాబు తెలియకపోయినా ఫరవాలేదు, ఆ ప్రశ్నను డైరీలో రాయించండి.

సెలవుల తర్వాత మీ పిల్లలతో సెల్ఫీ కాకుండా ఆ ప్రశ్న పంపించండి. మా క్లాసు బోర్డు మీద దానికి చోటు ఉంచుతాను.