ఉకాయ్ అంకె, ఖాడీ గీత

వానాకాలంలో నా ఫోను తలగడ పక్కనే ఉంటుంది. అర్ధరాత్రి మోగితే మా ఇంట్లో "ఎవరు?" అని అడగరు, "ఎంత?" అని అడుగుతారు. ఉకాయ్ డ్యాం నుంచి తాపీ నదిలోకి ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఆ ప్రశ్న. డ్యాం సూరత్‌కు ఎగువన దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ గేట్లెత్తిన నీళ్లు ఊరు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ కొన్ని గంటల్లో ఎవరికి ఏం చెప్పాలి, ఎవరిచేత ఏం చేయించాలి అన్నదే నా పని.

కాగితం మీద నా హోదా "సమన్వయకర్త, వాతావరణ మార్పు - ప్రజారోగ్యం". మా అమ్మకు అది నోరు తిరగదు. "నీళ్లొస్తే చెప్తది, జరాలొస్తే రాస్తది" అంటుంది ఇరుగుపొరుగుతో. ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ శిక్షణ తరగతిలోనూ దొరకలేదు.

మా నాన్న వరంగల్ వైపు నుంచి సాంచెల (మరమగ్గాల) పనికి సూరత్ వచ్చాడు. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మాలాంటి పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడి మునిసిపల్ బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మీడియం కూడా ఉంది. నేను అక్షరాలు దిద్దింది అక్కడే.

1994లో నాకు పదేళ్లు. ఆ సెప్టెంబరులో తాపీ పొంగి తగ్గింది. బురద, చెత్త, చచ్చిన పశువులు వీధుల్లోనే ఉండిపోయాయి. ఆ నెల మూడో వారం దాటేసరికి ప్లేగు అన్న మాట పుట్టింది. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ అయిపోయింది. లక్షల మంది ఊరు విడిచారు. మేమూ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగాం. ఊళ్లో మా పెద్దనాయన మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. పది రోజులు పశువుల కొట్టంలో పడుకున్నాం. బావి దగ్గర మా అమ్మకు చేద ఇవ్వలేదు, ఎవరో తోడి పైనుంచి పోశారు. ఆ ప్లేగుకు సూరత్‌లో యాభై మందికి పైగా చనిపోయారు. మా ఇంట్లో ఎవరికీ రాలేదు. అయినా ఆ బావి గట్టు మా అమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు.

1995లో ఎస్.ఆర్.రావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చి నగరాన్ని ఆరు జోన్లు చేశారు. ప్రతి జోనుకూ అధికారం ఇచ్చి, అధికారులను రోజూ వీధుల్లోకి దించారు. "ఏసీ నుంచి డీసీకి" అనేవారు. చల్లటి గదిలోంచి రోజువారీ పనిలోకి అని దాని అర్థం. చెత్త ఎత్తడం ఒక మార్పయితే, ఏ వార్డులో ఎన్ని జ్వరాలన్న లెక్క ఏ రోజుకారోజు తేల్చడం ఇంకో మార్పు. నా ఉద్యోగానికి పునాది ఆ లెక్కే.

2006 ఆగస్టులో వచ్చిన వరద నాటికి నర్సింగ్ శిక్షణ ముగించాను. ఉకాయ్ నుంచి దాదాపు 9 లక్షల క్యూసెక్కులు వదిలారు. 9వ తేదీన రాఖీ పున్నమి. సముద్రం పోటు మీద ఉంది. కిందికి దిగాల్సిన నీటికి దారి లేదు. నగరంలో ముప్పాతికకు పైగా మునిగింది. అడాజణ్ వైపు మందుల పెట్టెతో పడవ మీద తిరిగాను. అపార్ట్‌మెంటు ఒక్కొక్కటీ ఒక్కో లంకలా ఉంది. పై అంతస్తుల్లోంచి తాళ్లకు సంచులు కట్టి దించేవారు, వాటిలో బీపీ మాత్రల ఖాళీ అట్టలు ఉండేవి. ఈ మందే కావాలని చెప్పడానికి వాళ్లకు తోచిన దారి అది.

నీళ్లు తీశాక అసలు పని మొదలైంది. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన బురదలో పగిలిన పాదాలతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ పట్టుకుంటుంది. దక్షిణ గుజరాత్ వరి, చెరకు పొలాల్లో కూలీలకు అది పాత శత్రువు. ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ పంచాం. "జబ్బే లేదు, గోలీ ఎందుకు?" అని సగం మంది చూరులో దోపారు. మిగతా సగం పరగడుపున వేసుకుని కడుపులో మంటతో మమ్మల్ని తిట్టారు. తిన్నాక వేసుకోవాలని మేం గట్టిగా చెప్పి ఉండాల్సింది.

2008లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆసియా నగరాల వాతావరణ కార్యక్రమం మొదలుపెట్టింది. మన దేశంలో ముందుగా తీసుకున్న నగరాలు సూరత్, ఇండోర్, గోరఖ్‌పూర్. ఆ దారిలోనే ఇక్కడ క్లైమేట్ చేంజ్ ట్రస్ట్ ఏర్పడింది. 2013లో మునిసిపల్ వైద్య కళాశాల స్మీమర్‌లో వాతావరణానికీ పట్టణ ఆరోగ్యానికీ కలిపి ఒక కేంద్రం పెట్టారు. నాలాంటివాళ్లు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఈ గొలుసు చివర, బస్తీలో ఉంటాం.

సమన్వయం అంటే ఏమిటని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు. నీటిపారుదల వాళ్లు క్యూసెక్కుల్లో మాట్లాడతారు, వాతావరణ శాఖ మిల్లీమీటర్లలో, ఇంజినీర్లు అడుగుల్లో, డాక్టర్లు కేసుల్లో. బస్తీలో మాత్రం అందరూ అడిగేది ఒకటే: "ఇప్పుడు బియ్యం సంచి అటక మీద పెట్టాలా, వద్దా?" ఆ నాలుగు లెక్కల్నీ ఈ ఒక్క జవాబుగా మార్చడమే సమన్వయం.

మొదట్లో నేనది మార్చలేకపోయాను. మా మొదటి కరపత్రం నేనే రాశాను. "ముంపు ప్రాంత వాసులు ముందస్తు అప్రమత్తతా చర్యలు చేపట్టవలెను" అని. మా గల్లీలో ఒక ముసలమ్మ దాన్ని మనవడి చేత చదివించుకుని విన్నది. "మంచిగనే ఉన్నది గని, ఇది ఎవలకు రాసినవ్ బిడ్డా?" అంది. రెండో కరపత్రంలో నాలుగే మాటలు పెట్టాను: బియ్యం పైకెత్తండి, మందులు పాలిథిన్ కవర్లో కట్టండి, కరెంటు మెయిన్ ఆపండి, ముసలివాళ్లను ముందు పంపండి. సమావేశాలు కూడా పొద్దున పదకొండుకు పెట్టేవాళ్లం. రాత్రి పాళీ వాళ్లు నిద్రలో, పగటి పాళీ వాళ్లు సాంచెల మీద ఉండే వేళ అది. మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషి మా ఉపన్యాసం కోసం సాంచ ఆపడు. ఇప్పుడు పాళీ మారే వేళ చాయ్ బండి దగ్గర పది నిమిషాలు మాట్లాడతాను.

ఇవన్నీ చిన్న తప్పులు. పెద్ద తప్పు ఇంకొకటి చేశాను.

ఒక వానాకాలం రాత్రి ఉకాయ్ అంకె చూసుకున్నాను. చిన్నదే. హాయిగా పడుకున్నాను. ఆ రాత్రి లింబాయత్ గుండా పోయే మీఠీ ఖాడీ పొంగింది. ఖాడీ అంటే మన వాగులాంటిది. దాని వరదకు ఉకాయ్‌తో పనిలేదు, చుట్టుపక్కల కురిసిన వాన చాలు. నేను కాపలా కాసింది ఒక వాకిలి, నీళ్లొచ్చింది ఇంకో వాకిట్లోంచి. తెల్లవారి వెళితే మోకాలి లోతు నల్లనీళ్లు. ఫ్రిజ్ లేక ఒక సాంచెల కార్మికుడు ఇన్సులిన్‌ను కుండలో పెట్టుకునేవాడు. కుండ కొట్టుకుపోయింది. ఆయన్ను ఆసుపత్రికి మోసుకెళ్లాం. బతికాడు. "నువ్వు ఏం చెప్పకపోతివి, నీళ్లు రావనుకున్న" అన్నాడు. నేను చెప్పకపోవడం కూడా ఆయనకు ఒక కబురే అయింది.

ఆ తర్వాత గోదావరి లంకల సంగతి గుర్తొచ్చింది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఎక్కడో ఎగువన ఉన్న ఆ అంకె వింటే చాలు, కోనసీమ లంక రైతుకు పశువులను ఎప్పుడు గట్టుకు తోలాలో తెలుస్తుంది. ఆ అంకెకు ఏ పని చేయాలో తాతల నాటి నుంచి చూసి నేర్చుకున్నాడు. మా ఖాడీకి అలాంటి అంకె లేదు. అందుకని కల్వర్టు గోడ మీద మేమే మూడు గీతలు గీశాం. పచ్చ గీత తడిస్తే మందులు కవర్లో, పసుపు తడిస్తే బియ్యం అటక మీద, ఎర్ర గీత తడిస్తే గర్భిణులు, ముసలివాళ్లు బడికి.

గీతలతోపాటు ఒక రోజుల లెక్క కూడా పెట్టుకున్నాం. వాన వెలిసిన రోజు నుంచి వారం వారం డ్రమ్ములు ఒంపడమే కాదు, వాటి లోపలి గోడలు పీచుతో రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు నీళ్లు లేకున్నా నెలల తరబడి అంటుకుని బతుకుతాయి, నీళ్లు తగిలితే పది రోజుల్లోపే దోమలవుతాయి. నల్లా వచ్చేది కాసేపే కాబట్టి డ్రమ్ము వద్దని చెప్పలేం, మూత వేసుకోమని చెప్పగలం. బురదలో తిరిగినవాళ్లకు రెండు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పులు, ఎర్రకళ్లు కనిపిస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా వెంటనే హెల్త్ సెంటర్‌కు పంపుతాం. ఏప్రిల్, మే నెలల్లో ఇదే లెక్క ఉక్కపోతకు మారుతుంది. అహ్మదాబాద్ 2013లోనే ఎండల ప్రణాళిక తెచ్చింది. అక్కడిది పొడి ఎండ. సూరత్‌ది సముద్రపు తేమ, పట్టిన చెమట ఆరదు. దారం ఎగరకుండా కిటికీలు మూసిన రేకుల షెడ్డులో పన్నెండు గంటలు నిలబడే మనిషికి బయటి ఉష్ణోగ్రత చెబితే ఏం లాభం?

ఈ కష్టం మా ఒక్క ఊరిదే కాదు. చెరకు కోతకు వెళ్లిన తెలుగువాళ్లు స్థిరపడ్డ ఫిజీ దీవుల్లోనూ 2012 వరదల తర్వాత లెప్టో ప్రబలి చాలామందిని బలిగొంది. 2017లో బాన్‌లో ఫిజీ అధ్యక్షతన జరిగిన వాతావరణ సదస్సులో, చిన్న దీవుల ఆరోగ్యం కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేక కార్యక్రమం ప్రకటించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మా గల్లీయే కళ్లముందు మెదిలింది. నీళ్లు చుట్టుముట్టి, సాయం ఇంకా బయలుదేరని ఆ మొదటి కొన్ని గంటలు దీవిలోనూ గల్లీలోనూ ఒకటే. అప్పుడు ఇంట్లో ఏముందో, పక్కింట్లో ఎవరున్నారో అదే బలం.

పోయిన వానాకాలం రాత్రి రెండింటికి ఫోను మోగింది. "ఎంత?" అన్నాడు మా ఆయన నిద్రలోనే. ఫోను చేసింది డ్యాం వాళ్లు కాదు. కల్వర్టు పక్క కిరాణా కొట్టు నడిపే అక్క. "పసుపు గీత మునిగింది చెల్లే, బియ్యం ఎత్తమని గల్లీల చెప్పిన. నువ్వు ఆఫీసోళ్లకు చెప్పు" అంది. అంతకాలం పై నుంచి కిందికి కబురు మోసిన నేను, ఆ రాత్రి కింది నుంచి పైకి మోశాను. ఎర్ర గీత తడిసేలోగా తొమ్మిది మందిని బడికి చేర్చాం. ఇన్సులిన్ వేసుకునే ఆయన తన మందు కవర్‌ను నడుముకు కట్టుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు.

కొట్టు అక్క పేరు ఏ నివేదికలోనూ లేదు, ఆమెకు జీతమూ లేదు. ఈ ఏడాది బడ్జెట్‌లో ఆమె ఫోను రీచార్జికి ఒక పద్దు రాయించగలిగాను.